భూమి వ్యాపారమున ప్రకటన – విశ్వాసము

మానవుడు కొనుగోలు చేయు వస్తువులన్నిటిలో భూమికి ఒక ప్రత్యేకత కలదు. ధాన్యమును గుప్పిట పట్టి చూడవచ్చును. వస్త్రమును వ్రేళ్ళతో నలిపి చూడవచ్చును. ఎద్దును కొనునపుడు పండ్లు లెక్కించి, నాలుగడుగులు నడిపించి చూడవచ్చును. భూమి విషయమున ఇట్టి పరీక్ష చాలదు. నేల కంటికి కనబడును గాని దానిపై గల హక్కు కనబడదు. అది ఎవరి పేరున నున్నదో, ఎంత విస్తీర్ణమో, దానిపై ఏ ఋణము, ఏ నిషేధము కలదో కాగితములు చెప్పవలసినదే. ఆ కాగితములకంటె ముందు కొనుగోలుదారుని చేరునది వ్యాపారి చేయు ప్రకటన. కావున భూమి వ్యాపారమున ప్రకటనకు గల బాధ్యత ఇతర వ్యాపారములలో కంటె అధికమైనది.

మెదక్ జిల్లాలోని మన టేక్మాల్ మండలము వ్యవసాయ ప్రధానమైన ప్రాంతము. వరి, ప్రత్తి, జొన్న మాటలే తప్ప ‘ప్లాటు’ అను మాట ఒకనాడు ఇచ్చట అరుదుగా వినబడెడిది. హైదరాబాదు నగరము విస్తరించిన కొలది భూమి వ్యాపారము సంగారెడ్డి, నర్సాపూర్ దాటి లోపలి మండలములకును వ్యాపించినది. బాట ప్రక్కన రంగుల బోర్డులు, వార్తాపత్రిక మడతలలో కరపత్రములు, చేతి ఫోనులలో చిత్రములు నేడు సామాన్యమైనవి. గల్ఫ్ దేశములలో ఎండకోర్చి కూడబెట్టిన సొమ్ము, చిరుద్యోగి పదవీ విరమణనాడు పొందిన ధనము, కుమార్తె వివాహమునకై దాచిన మొత్తము ఈ ప్రకటనలను నమ్మి చేతులు మారుచున్నవి. చదువు ముగించిన యువకులు పలువురు ఈ వ్యాపారమున మధ్యవర్తులుగా, ప్రచారకులుగా ప్రవేశించుచున్నారు. ఈ వ్యాపారమున ప్రకటన ఎట్లుండవలెను, చట్టము ఏమనుచున్నది, ఉర్దూ తెలుగు రెండును నేర్చిన మన విద్యార్థులు ఇందు చేయగల పని ఏమి అను మూడు విషయములను వివరించుటయే ఈ వ్యాస లక్ష్యము.

ఇతర దేశముల అనుభవము

భూమిని ప్రకటనతో అమ్ముట నేడు పుట్టినది కాదు. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున కొండపై నిలిచియున్న ‘హాలీవుడ్’ అను పెద్ద అక్షరములను చలనచిత్రములలో చూడనివారరుదు. అవి చలనచిత్ర పరిశ్రమకై నిలిపినవి కావు. 1923లో ‘హాలీవుడ్‌ల్యాండ్’ అను గృహస్థలముల వ్యాపారమునకు ప్రకటనగా వాటిని నిలిపిరి. ఆంగ్లమున పదమూడు అక్షరములు; రాత్రివేళ కనబడుటకు సుమారు 4000 విద్యుద్దీపములు. ఏడాదిన్నర కాలము ఉంచదలచిన ఆ బోర్డు కొండపై అట్లే నిలిచిపోయినది. 1949లో ‘ల్యాండ్’ అను భాగమును తొలగించిరి. మిగిలినది నేడు నగరమునకే చిహ్నమైనది.

అదే దశాబ్దమున అమెరికా దక్షిణ కొననున్న ఫ్లోరిడా రాష్ట్రములో ప్రకటన వలన కలుగు అనర్థమును ప్రపంచము చూచినది. 1925 నాటికి అచ్చటి భూముల ధరలు ఆకాశమునంటెను. మూడు పర్యాయములు అధ్యక్ష పదవికి పోటీచేసిన మహావక్త విలియం జెన్నింగ్స్ బ్రయాన్ వంటివాడే వేతనము తీసికొని గృహస్థలముల అమ్మకమునకై ఉపన్యాసములిచ్చెను. మోసమునకు మారుపేరైన చార్లెస్ పాంజీ జాక్సన్‌విల్ ప్రాంతమున ప్లాట్లమ్మెను. వాటిలో కొన్ని నీటిముంపు నేలలు. దూరప్రాంతములవారు స్థలము చూడకయే సొమ్ము పంపిరి. 1926 సెప్టెంబరులో మయామీని ముంచెత్తిన తుపాను నాటికే సడలుచున్న ఆ వ్యాపారము ఆ దెబ్బతో కుప్పకూలెను.

లండన్ నగరపు ‘మెట్రోపాలిటన్ రైల్వే’ వేరు మార్గమును త్రొక్కినది. ఆ సంస్థ ‘మెట్రోలాండ్’ అను పేరున 1915 నుండి 1932 వరకు ఏటేట ఒక పుస్తకమును ప్రచురించినది. తన రైలుమార్గము ప్రక్కనున్న గ్రామముల వర్ణన, నడకదారులు, చూడదగిన స్థలములు, ఇండ్ల ప్రకటనలు అందు ఉండెడివి. 1919లో ఆ రైల్వేకు అనుబంధముగా గృహస్థలముల సంస్థయు ఏర్పడినది. ఆ వర్ణనలలో అతిశయోక్తి లేదనలేము. అయినను పుస్తకమునందు చెప్పిన రైలు వాస్తవముగా నడిచెడిది; చెప్పిన గ్రామము వాస్తవముగా ఉండెడిది. ఏటేట అదే సంస్థ తన పేరుతో ప్రజల ముందుకు వచ్చుటచే, చెప్పిన మాటకు తానే జవాబుదారి అయినది. ఒక్కసారి అరచి వెడలిపోవు ప్రకటనకును, నిలకడగా సమాచారమిచ్చు ప్రకటనకును గల తేడా ఇదియే.

మన భూములు – వాటి మాటలు

మన ప్రాంతమున భూమి సంగతి తెలియవలెనన్న ముందుగా దాని భాష తెలియవలెను. నిజాము పాలనలో రెవెన్యూ వ్యవహారము ఉర్దూలో సాగుటచే, నేటికిని మన రైతుల నోట పలుకు భూమి మాటలలో పెక్కు ఉర్దూ, ఫారసీలవే. మౌజా అనగా గ్రామము. రకబా అనగా విస్తీర్ణము. నక్షా అనగా పటము. కబ్జా అనగా అనుభవము, స్వాధీనము. సేత్వార్ అనగా సర్వే తరువాత ఏ నంబరు ఎవరి పేరున నిర్ణయింపబడినదో తెలుపు మూలపట్టిక. 1954–55 నాటి ఖాస్రా పహాణీని హక్కుల పరిశీలనలో నేటికిని ముఖ్యమైన ఆధారముగా చూతురు. దాని తరువాతిది సెసాలా పహాణీ. ఫారసీలో ‘సె’ అనగా మూడు, ‘సాల్’ అనగా సంవత్సరము. 1955 నుండి 1958 వరకు మూడేండ్ల వివరములు అందున్నవి గనుక ఆ పేరు వచ్చినది.

భూమి తరగతులను తెలుపు మాటలు మరింత ముఖ్యమైనవి. పట్టా భూమి వేరు, ఇనాం భూమి వేరు. శిఖం అనగా చెరువు గర్భము. వేసవిలో ఎండి చదునుగా కనబడినను అది నీటికి చెందిన నేల. ఖారిజ్ ఖాతా ప్రభుత్వ భూమి. నిరుపేదలకు ప్రభుత్వము ఇచ్చిన అసైన్డు భూమిని అన్యాక్రాంతము చేయుటను 1977 నాటి 9వ చట్టము నిషేధించినది. వక్ఫ్ ఆస్తిని విక్రయించుట చెల్లదని 1995 నాటి వక్ఫ్ చట్టమునకు 2013లో చేసిన సవరణ స్పష్టపరచినది. దేవాలయ మాన్యములకును ఇట్టి రక్షణ కలదు. మసీదు మాన్యమైనను, గుడి మాన్యమైనను పూర్వులు ధర్మార్థము విడిచిన భూమి ప్లాట్లుగా మారిన యెడల కొన్నవాడు సొమ్మును, ఊరు ధర్మమును రెండింటిని కోల్పోవును.

ఒక కరపత్రము ‘చెరువు ఒడ్డున చల్లని వాతావరణము’ అని చెప్పినపుడు, ఆ సర్వే నంబరు ఎదుట పాత పహాణీలో ‘శిఖం’ అను మాట ఉన్నదా అని చూడగలవాడు ఒక కుటుంబమును కాపాడగలడు. ఆ పాత కాగితములలో పెక్కు ఉర్దూ లిపిలో నున్నవి. వాటిని చదివి తెలుగులో చెప్పగలవారి సంఖ్య ఏటేట తగ్గుచున్నది. ఈ రెండు భాషలను కలిపి నేర్చు విద్యార్థికి ఇది ఉపాధియు, సేవయు కాగలదు.

కొలతల లెక్క

ప్రకటనలలో గజములు, పట్టాలలో గుంటలు వాడుక. ఎకరమునకు 40 గుంటలు. గుంటకు 121 చదరపు గజములు. కావున ఎకరమునకు 4840 చదరపు గజములు. ఎకరమంతయు ప్లాట్లు కాజాలదు. బాటలకు, ఉమ్మడి ఖాళీ స్థలమునకు నూటికి 40 పాళ్ళు పోవునని ఉదాహరణకు అనుకొందము. మిగులునది 2904 గజములు. 200 గజముల ప్లాట్లు 14 మాత్రమే వచ్చును. ఎకరములో 20 ప్లాట్లు అమ్మినట్లు పటము చూపిన యెడల, పటములోని బాటలు ఇరుకైనవైనను కావలెను, ఖాళీ స్థలము లేనిదైనను కావలెను. ఈ చిన్న లెక్కను ప్రతి విద్యార్థి తన ఇంటివారికి చేసి చూపవచ్చును.

లేఅవుటు అనుమతి లేని స్థలములకు తరువాత కలుగు భారము స్వల్పము కాదు. 2020లో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించిన క్రమబద్ధీకరణ పథకములో, ఉమ్మడి ఖాళీ స్థలము విడువని లేఅవుట్లలోని ప్లాటుకు దాని విలువలో 14 శాతము అదనముగా చెల్లింపవలెనని నిర్ణయించిరి. అమ్మినవాడు లాభము తీసికొని వెళ్ళెను. ఈ రుసుము కొన్నవాని నెత్తిన పడినది.

మరొక సూచన. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి వచ్చినది మొదలు వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను తహసీల్దారు కార్యాలయమున జరుగుచున్నది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానమున భూభారతి వచ్చినను ఈ పద్ధతి కొనసాగినది. ఇండ్ల స్థలముల రిజిస్ట్రేషను సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున జరుగును. కావున ‘ఇంటి ప్లాటు’ అని చెప్పి రిజిస్ట్రేషనుకు తహసీల్దారు వద్దకు తీసికొనిపోయినచో, ఆ నేల కాగితములలో ఇంకను పొలమే అని గ్రహింపవలెను. రెండు మూడు గుంటల ‘ఫారం ప్లాట్లు’ అను పేరుతో సాగు వ్యాపారమున ఈ చిక్కు తరచు కలుగుచున్నది. అట్టి ముక్కపై ఇల్లు కట్టుటకు అనుమతి దొరకక కొన్నవారు చిక్కుపడుదురు.

చట్టము విధించిన హద్దులు

పూర్వము భూమి ప్రకటనకు ప్రత్యేకమైన అదుపు లేకుండెను. 2016లో పార్లమెంటు స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టమును చేసినది. 2017 మే 1 నుండి అది పూర్తిగా అమలులోనికి వచ్చినది. తెలంగాణ నియమములు 2017 జులై 31న వెలువడినవి. వాడుకలో దీనిని ‘రెరా’ యందురు. ప్రకటనలకు సంబంధించి ఇందలి ముఖ్యాంశములు ఇవి.

మొదటిది: ప్రణాళికా ప్రాంతమున 500 చదరపు మీటర్లకు మించిన భూమిని అభివృద్ధి చేసి అమ్మదలచినవారు రెరాలో నమోదు కాకుండ ప్రకటన చేయరాదు, అమ్మరాదు, ముందస్తు సొమ్ము గైకొనరాదు. 500 చదరపు మీటర్లనగా ఇంచుమించు 598 గజములు. అనగా ఐదు గుంటలకు కొంచెము తక్కువ. ఈ నిబంధనను మీరినవారికి ప్రాజెక్టు అంచనా వ్యయములో 10 శాతము వరకు జరిమానా విధింపవచ్చును. ‘ప్రారంభమునకు ముందే సగము ధర’ అను పిలుపులు పెక్కు ఈ నిబంధనకు విరుద్ధములు.

రెండవది: ప్రకటనలో రెరా నమోదు సంఖ్యను, రెరా సంస్థ వెబ్‌సైటు చిరునామాను స్పష్టముగా ముద్రింపవలెను. బోర్డు మూల కనబడని అక్షరములలో వేయుట చట్టము ఉద్దేశించినది కాదు.

మూడవది: ప్రకటనలోని తప్పుడు మాటను నమ్మి సొమ్ము చెల్లించి నష్టపోయినవానికి ఆ వ్యాపారి పరిహారము చెల్లింపవలెను. కొనుగోలుదారుడు విరమించుకొనదలచిన యెడల చెల్లించిన మొత్తమును వడ్డీతో తిరిగి ఈయవలెను. అనగా కరపత్రము చించి పారవేయదగిన కాగితము కాదు, అది సాక్ష్యము. దానిని తేదీ వ్రాసి భద్రపరచుకొనుట మంచిది.

నాల్గవది: వ్రాతపూర్వకమైన ఒప్పందమును రిజిస్టరు చేయకుండ ధరలో 10 శాతమునకు మించి సొమ్ము తీసికొనరాదు.

ఐదవది: నమోదైన ప్రాజెక్టులలోని ప్లాట్లను అమ్మిపెట్టు ఏజెంటు సయితము రెరాలో నమోదు కావలెను. నమోదు కాకుండ పనిచేసినవానికి రోజునకు రూ. 10,000 చొప్పున, ప్లాటు ధరలో 5 శాతము వరకు జరిమానా కలదు. కమిషనుకై స్నేహితులకు, బంధువులకు ప్లాట్లు చూపించు విద్యార్థులు ఈ విషయమును తప్పక ఎరుగవలెను.

న్యాయస్థానముల తీర్పులును కొనుగోలుదారునకు బలమిచ్చినవి. సాధారణ అధికార పత్రము, అనగా జీపీఏ, ద్వారా జరుగు అమ్మకము హక్కును బదిలీ చేయజాలదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసున తేల్చెను. బాటలు, మురుగు కాలువలు, విద్యుత్తు కల్పింతుమని చెప్పి ప్లాట్లు అమ్ముట కేవలము భూమి అమ్మకము కాదు, అది వినియోగదారునకు చేయు సేవ అని 2012లో నార్నే కన్‌స్ట్రక్షన్ కేసున అదే న్యాయస్థానము నిర్ణయించెను. కావున వాగ్దానము చేసిన బాట వేయని యెడల వినియోగదారుల న్యాయస్థానము తలుపు తట్టవచ్చును.

మంచి ప్రకటన లక్షణములు

చట్టమునకు భయపడి సత్యము చెప్పుట ఒకటి; సత్యమే వ్యాపారమునకు మూలధనమని తెలిసి చెప్పుట మరొకటి. రెండవదానిని ఎంచుకొను వ్యాపారి తన ప్రకటనను ఎట్లు వ్రాయవలెను?

దూరమును నిమిషములలో గాక కిలోమీటర్లలో చెప్పవలెను. నిమిషములు వాహనమును బట్టి మారును, కిలోమీటరు మారదు. ‘కూతవేటు దూరమున రహదారి’ అను మాటకు బదులు ఏ రహదారియో, ఎన్ని కిలోమీటర్లో చెప్పుట యుక్తము.

రాబోవు సదుపాయములను చెప్పునపుడు అవి ఏ దశలో నున్నవో చెప్పవలెను. సంగారెడ్డి, నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్ ల మీదుగా పోవలసిన ప్రాంతీయ వలయ రహదారి పేరు నేడు పెక్కు ప్రకటనలలో కనబడుచున్నది. ఏ రహదారికైనను ప్రతిపాదన, భూసేకరణ, నిర్మాణము, ప్రయాణము అను నాలుగు మెట్లు కలవు. మొదటి మెట్టుపై నున్నదానిని నాలుగవ మెట్టు ధరకు అమ్ముటయే ప్రకటనలలో జరుగు పెద్ద అన్యాయము.

సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు హక్కు వచ్చిన విధము, లేఅవుటు అనుమతి సంఖ్య, రెరా సంఖ్య ముద్రింపవలెను. రైతుకు కొంత బయానా మాత్రము ఇచ్చి, భూమి ఇంకను అతని పేరున నుండగనే ప్లాట్లు అమ్ముటకు పూనుకొనువారు కలరు. అట్టి వ్యవహారము చెడినపుడు రైతు భూమి వ్యాజ్యమున చిక్కును, కొన్నవారి సొమ్ము గాలిలో కలియును, మధ్యవాడు మరొక మండలమున మరొక బోర్డు కట్టును. కనుక ‘ఈ భూమి నేడు ఎవరి పేరున నున్నది’ అను ప్రశ్నకు ప్రకటనయే జవాబు చెప్పవలెను.

మొత్తము ఖర్చు చెప్పవలెను. గజము ధరను పెద్ద అక్షరములలో వేసి, రిజిస్ట్రేషను ఖర్చును విడుచుట పరిపాటి. 2021 జులైలో తెలంగాణలో స్టాంపు సుంకము, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిపి 6 నుండి 7.5 శాతమునకు పెరిగినవి. నూరు రూపాయలకు ఏడున్నర రూపాయలు చిన్న కుటుంబమునకు చిన్న మొత్తము కాదు.

ఉదాహరణకు ‘బంగారు భవిష్యత్తుకు బాట, నేడే త్వరపడండి, కొలది ప్లాట్లే మిగిలినవి’ అను ప్రకటనలో ఒక్క సమాచారమును లేదు. దానికి బదులు ‘రెండెకరముల పట్టా భూమి, లేఅవుటు అనుమతి, రెరా సంఖ్యలు ఇవి, మట్టి బాటలు వేయబడినవి, తారు బాట వేయవలసియున్నది, త్రాగునీరు ఇంకను రాలేదు, పత్రముల నకళ్ళు అడిగినవారికి ఇచ్చెదము’ అని వ్రాసిన యెడల పది మంది తక్కువ రావచ్చును, కాని వచ్చినవారు నమ్మకముతో వత్తురు. ‘నీరు ఇంకను రాలేదు’ అను ఒక్క మాట మిగిలిన మాటలన్నిటికిని పూచీగా నిలుచును.

నిలకడగా తెలుపు పద్ధతి

చిన్న పట్టణములలో, మండల కేంద్రములలో వ్యాపారము పేరు మీద నడచును. ఒక వ్యాపారి నెలకొక చిన్న పత్రమును వెలువరించి, ఒక నెల పహాణీ చదువు విధమును, మరొక నెల ఋణభార ధ్రువపత్రము పొందు పద్ధతిని, ఇంకొక నెల రిజిస్ట్రేషను ఖర్చుల లెక్కను, మరియొక నెల తన లేఅవుటులో పని ఎంతవరకు వచ్చినదో తెలిపినచో అది అన్నిటికంటె మేలైన ప్రచారము. చదివినవాడు అందరి భూములను అదే కొలతతో కొలుచును. ఆ కొలతకు నిలిచిన వ్యాపారి వద్దకే వచ్చును. తగవులు తగ్గును. కొన్నవాడు తన అన్నకు, తమ్మునకు చెప్పును.

ఇట్టి పత్రమును తెలుగులోను, ఉర్దూలోను వెలువరింపవలెను. గల్ఫ్ దేశములనుండి సొమ్ము పంపు కుటుంబములలో వృద్ధులు, స్త్రీలు కొందరు ఉర్దూ మాత్రమే చదువగలరు. వారికి నేడు చేరునది బోర్డుమీది బొమ్మ, మధ్యవర్తి నోటిమాట మాత్రమే. వారి భాషలో వ్రాసి యిచ్చిన మాట వారికి రక్ష. ప్రతి పత్రముపై తేదీ ఉండవలెను. పరిస్థితి మారినపుడు, మునుపు చెప్పినది నేడు ఇట్లు మారినదని తరువాతి పత్రమున చెప్పవలెను.

విద్యార్థులకు, కళాశాల పెద్దలకు

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు ఈ వ్యాపారమున ప్రవేశింతురు. అది అగౌరవమైన వృత్తి కాదు. తలదాచుకొనుటకు జాగా చూపించుట మంచి పని. కాని మీరు వ్రాయు ప్రతి వాక్యము వెనుక ఒక కుటుంబపు ఇరువదియేండ్ల కష్టము నిలిచియుండును. వ్రాయుటకు ముందు సర్వే నంబరు చూడుడు, పహాణీ చదువుడు, స్థలమునకు పోయి హద్దులు నడువుడు. తెలియనిదానిని వ్రాయకుడు. ఎవరేని తప్పు వ్రాయమనినచో కమిషను వదలుకొనుడు.

మన కళాశాల పాలకవర్గము ఈ విషయమున ఒక ఉపకారము చేయవచ్చును. సంవత్సరమునకొకమారు పాత ఉర్దూ పహాణీలను చదువు శిక్షణను ఏర్పాటు చేసి, అనుభవజ్ఞులైన విశ్రాంత రెవెన్యూ ఉద్యోగులను పిలిపించినచో, మండలమునకు పదిమంది తెలిసినవారు తయారగుదురు. ప్లాటు కొనదలచినవారు బయానా ఈయకముందే తమ కాగితములను వారికి చూపించుకొందురు. కొన్న పిమ్మట కోర్టుకు పోవుటకంటె, కొనకముందు ఒక పూట కాగితము చదివించుకొనుట మేలు. ఆ పూట పనికి మన విద్యార్థులు సిద్ధముగా నుండవలెనని కోరుచున్నాము.